గ్రీకు భాషలో దృశా తంతువుల పరిభాష: చదవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న అడిగినవారు: కాంతిమార్గం

అందరికీ నమస్కారం. దృశా తంతువులలో, అంటే ఆప్టికల్ ఫైబర్లలో, కాంతి స్పందనాలు (పల్సులు) ఎలా వెడల్పవుతాయనే అంశం మీద స్నాతకోత్తర స్థాయిలో పనిచేశాను. ఇప్పుడు అదే రంగంలో డాక్టరేటు పరిశోధన కోసం గ్రీసు దేశంలోని ఒక విశ్వవిద్యాలయానికి వెళ్లబోతున్నాను. అక్కడ పరిశోధన పత్రాలు, బృందం సమావేశాలు అన్నీ ఇంగ్లీషులోనే సాగుతాయని చెప్పారు. అయితే డిగ్రీ విద్యార్థుల ప్రయోగశాలలో సహాయకునిగా ఉండటం కూడా నా బాధ్యతలలో ఒకటి, ఆ ప్రయోగాల పుస్తకాలన్నీ గ్రీకులోనే ఉన్నాయి. వర్ణమాల, ప్రాథమిక వ్యాకరణం నేర్చుకున్నాను, చిన్న చిన్న వాక్యాలు చదివి అర్థం చేసుకోగలను.

నా ఇబ్బంది సాంకేతిక పదాలతోనే. దియాథ్లసి, పెరీథ్లసి, అనాక్లసి, దియస్పొరా, దియాదొసి అనే మాటలు ఒకే పేరాలో వరుసగా వస్తుంటే ఏది వక్రీభవనమో, ఏది వివర్తనమో తేల్చుకోవడానికి ప్రతిసారీ నిఘంటువు తెరవవలసి వస్తోంది. నిఘంటువేమో ఒక్కో మాటకు రెండు మూడు అర్థాలు ఇస్తోంది. ఈ పదాల నిర్మాణంలో పట్టుకోదగిన పద్ధతి ఏదైనా ఉన్నదా? వీటిని స్థిరపరిచే సంస్థ ఉన్నదా, లేక ఒక్కో ఆచార్యుడు ఒక్కో మాట వాడతాడా? పుస్తకాలలో కనిపించే ఈ మాటలను పనిచేసే చోట నిజంగానే పలుకుతారా? నేను ఇంటర్మీడియట్ వరకు భౌతికశాస్త్రం తెలుగులోనే చదివాను కనుక తెలుగు పరిభాషతో పోల్చి చెబితే నాకు త్వరగా మనసుకెక్కుతుంది. గ్రీకు లిపి అందరికీ తెలియదు కాబట్టి ఉచ్చారణను తెలుగు లిపిలోనే రాయవలసిందిగా ప్రార్థన.

జవాబు ఇచ్చినవారు: ఈజియన్ తీరం

కాంతిమార్గం గారికి నమస్కారం. నేను కొన్నేళ్లుగా గ్రీసులో ఈ రంగంలోనే పనిచేస్తున్నాను. పదాల పట్టిక చేతిలో పెట్టుకుని బట్టీ పట్టవద్దని ముందుగా చెబుతాను. తంతువును అడ్డంగా కోసినట్లు ఊహించుకుని, లోపలి నుంచి బయటికి ఒక్కొక్క పొరకు గ్రీకువారు ఏ పేరు పెట్టారో చూడండి. అలా చూస్తే సగం మాటలు వాటంతట అవే నిలుస్తాయి.

తంతువును ‘ఓప్టికీ ఈనా’ అంటారు, బహువచనంలో ‘ఓప్టికెస్ ఈనెస్’. తెలుగువారి చెవికి ఇది మన తాటాకు ఈనెలా, కొబ్బరి ఈనెలా వినిపిస్తుంది. రెండు మాటలకూ ఏ చుట్టరికమూ లేదు, పోలిక కేవలం యాదృచ్ఛికం. అయినా జ్ఞాపకం పెట్టుకోవడానికి ఇంతకంటే మంచి ఆధారం దొరకదు. ప్రాచీన గ్రీకులో ఈ మాటకు కండర నరం, నార అనే అర్థాలుండేవి. నేటికీ కండరపు పోగును, ఆహారంలోని పీచును ఇదే మాటతో పిలుస్తారు. దారానికీ, బల్బులో వెలిగే సన్నని తీగకూ ‘నీమా’ అనే వేరే మాట ఉన్నది. పడవల తయారీలో వాడే గాజు నారను ‘యలోనిమా’ అంటారు. మన తెలుగులో తంతువు అనే ఒక్క మాట ఈ పనులన్నీ చేస్తుంది, గ్రీకులో మాత్రం ఈనా, నీమా అనే విభజన గట్టిగా ఉంటుంది. ప్రయోగ పుస్తకంలో ‘నీమా’ కనిపిస్తే అది కాంతిని మోసే తంతువు కాదని వెంటనే గ్రహించవచ్చు.

ఇక లోపలి భాగం. ప్రామాణికమైన సింగిల్ మోడ్ తంతువులో, అంటే కాంతి ఒకే తీరున సాగే తంతువులో, కాంతి నడిచే మధ్యభాగం సుమారు 9 మైక్రోమీటర్ల వ్యాసం కలది. దాని చుట్టూ ఉండే గాజు పొరతో కలిపి 125 మైక్రోమీటర్లు, ఆ పైన రక్షణగా వేసే ప్లాస్టిక్ పూతతో కలిపి 250 మైక్రోమీటర్లు అవుతుంది. మధ్యభాగాన్ని ‘పిరీనాస్’ అంటారు. ప్రాచీన కాలంలో పండులోని టెంకకు వాడిన మాట ఇది. పరమాణు కేంద్రకానికీ, భూమి కేంద్ర మండలానికీ ఇదే పేరు. దాని చుట్టూ ఉన్న గాజు పొర ‘మన్దీయాస్’, అంటే భుజాల మీదుగా కప్పుకునే పొడవాటి ఉత్తరీయం. భూమి కేంద్ర మండలాన్ని ఆవరించిన పొరను కూడా గ్రీకువారు మన్దీయాస్ అనే అంటారు. మన భూగోళ పాఠ్యపుస్తకాలలో ఆ పొరకు భూప్రావారం అనే పేరున్నదని మీకు గుర్తుండే ఉంటుంది. ప్రావారం అన్నా కప్పుకునే వస్త్రమే. అంటే గ్రీకు ఇంజనీరుకు తంతువు అడ్డుకోత బొమ్మ చూడగానే తాను బడిలో చదివిన భూగర్భం బొమ్మలోని రెండు పేర్లు అవే వరుసలో ఎదురవుతాయి. మన పుస్తకాలలో కోర్, క్లాడింగ్ అని ఇంగ్లీషు మాటలనే ఉంచేశాం. కేంద్రకం, ప్రావారం అని రాసినా అర్థానికి ఏ లోటూ రాదని నా అభిప్రాయం.

ఇక్కడొక చిక్కు ఉన్నది. బయటి పూతకు ‘పెరీవ్లిమా’ అనే మాట వాడతారు, చుట్టూ వేసినది అని దాని భావం. అయితే కొన్ని పాఠ్యపుస్తకాలలో 125 మైక్రోమీటర్ల గాజు పొరనే పెరీవ్లిమా అని రాస్తారు, మన్దీయాస్ అనే మాట వాటిలో కనిపించదు. కనుక ఈ మాట ఎదురైనప్పుడు పక్కనున్న అంకెను చూడండి. 125 ఉంటే గాజు పొర, 250 ఉంటే ప్లాస్టిక్ పూత. మాటను నమ్మడం కంటే అంకెను నమ్మడం క్షేమం.

గాజుకు వాడుక మాట ‘యాలీ’, గ్రంథాలలో ‘ఈయలొస్’. తంతువులోని గాజు నిజానికి సిలికా, అంటే సిలికాన్ డయాక్సైడు. గ్రీకులో సిలికాన్‌ను ‘పిరీతియొ’ అంటారు. ఇది నిప్పు అనే అర్థం గల ‘పిర్’ నుంచి, చెకుముకి రాయి పేరు మీదుగా వచ్చింది. పిరీనాస్‌తో దీనికి ప్రయోగంలో ఏ సంబంధమూ లేదు. పిరీనాస్ అంటే మధ్యభాగం, పిరీతియొ అంటే ఆ గాజులో ఉండే మూలకం. రెండూ ఒకే వాక్యంలో వస్తాయి కనుక మొదట్లో తడబాటు సహజం.

ఇలాంటి కవల మాటలు మరో జత ఉన్నాయి, వాటి విషయంలో జాగ్రత్త అవసరం. ‘దీక్తిస్’ అంటే సూచిక, ‘దీక్తిస్ దియాథ్లసిస్’ అంటే వక్రీభవన గుణకం. ‘దెక్తిస్’ అంటే సంకేతాన్ని అందుకునే రిసీవరు. రాతలో ఒక్క అక్షరం తేడా, పలుకులో ఒక్క అచ్చు తేడా. ప్రయోగశాలలో విద్యార్థి దెక్తిస్ సరిచూడమంటే మీరు గుణకం పట్టిక వెతకకూడదు కదా!

జవాబు ఇచ్చినవారు: పదకోశం

నేను ఇంజనీరును కాను, అనువాదకురాలిని. గ్రీకు నుంచి ఇంగ్లీషులోకి సాంకేతిక పత్రాలు అనువదించడం నా వృత్తి. కాంతిమార్గం గారు అడిగిన పద్ధతి గురించి, సంస్థల గురించి నాకు తెలిసినది చెబుతాను.

కాంతి ప్రవర్తనను తెలిపే గ్రీకు మాటలు చాలావరకు ఉపసర్గ, ధాతువు కలిసి ఏర్పడినవే. తెలుగులో మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న పరావర్తనం, వివర్తనం, విక్షేపణం, పరిక్షేపణం కూడా ఇదే తీరున ఏర్పడ్డాయి కనుక మీకు ఇది కొత్త విద్య కాదు. ‘అనా’ అంటే వెనక్కు, ‘దియా’ అంటే గుండా, ‘పెరీ’ అంటే చుట్టూ. ‘క్లసి’, ‘థ్లసి’ రెండూ విరగడాన్ని తెలిపే ధాతువుల నుంచి వచ్చాయి. వెనక్కు విరిగితే అనాక్లసి, అది పరావర్తనం. ఒక యానకం గుండా పోతూ విరిగితే దియాథ్లసి, అది వక్రీభవనం. అడ్డంకి చుట్టూ విరిగితే పెరీథ్లసి, అది వివర్తనం. ఈ మూడింటినీ ఇలా నిలబెట్టుకుంటే నిఘంటువు అవసరం చాలా తగ్గుతుంది.

తెలుగువారిని ప్రత్యేకంగా పక్కదారి పట్టించేది ‘పెరీ’. సంస్కృతంలోని ‘పరి’, గ్రీకులోని ‘పెరీ’ భాషాశాస్త్రం ప్రకారం తోబుట్టువులే. అందుచేత పెరీథ్లసి చూడగానే మన మనసు పరిక్షేపణం వైపు పోతుంది. అది తప్పు. పరిక్షేపణానికి గ్రీకులో ‘స్కెదసి’ అనే మాట ఉన్నది, చెదరగొట్టడం అని దాని అర్థం. తంతువులో కాంతి క్షీణించడానికి ముఖ్య కారణమైన రేలీ పరిక్షేపణం గ్రీకు పుస్తకంలో రేలీ స్కెదసి అవుతుంది. శోషణాన్ని ‘అపొరోఫిసి’ అంటారు. కాంతి ముందుకు సాగిపోవడం ‘దియాదొసి’.

సంపూర్ణాంతర పరావర్తనాన్ని గ్రీకులో ‘ఒలికీ ఎసోతెరికీ అనాక్లసి’ అంటారు. ఒలికీ అంటే సంపూర్ణం, ఎసోతెరికీ అంటే అంతర, అనాక్లసి అంటే పరావర్తనం. మన మాటతో ముక్కకు ముక్క సరిపోయే పదబంధం ఇది. మధ్యభాగపు గుణకం పై పొర గుణకం కంటే కొద్దిగా ఎక్కువగా ఉండటం వల్ల, సరిహద్దు మీద సందిగ్ధ కోణానికి మించిన కోణంలో పడిన కాంతి బయటికి పోలేక లోపలికే మళ్లుతుందని మీకు చెప్పనవసరం లేదు. ఆ సందిగ్ధ కోణాన్ని కొందరు ‘క్రీసిమి గోనీయా’ అని, కొందరు ‘ఒరికీ గోనీయా’ అని రాస్తారు. మొదటిది నిర్ణాయకమైన కోణం, రెండవది హద్దుగా నిలిచే కోణం. రెండూ ఒకటే.

దియస్పొరా అంటే విక్షేపణం. విత్తనాలను అంతటా చల్లడం దాని మూలార్థం. దేశాంతరాలలో స్థిరపడిన గ్రీకు జనాన్ని కూడా ఇదే మాటతో పిలుస్తారు. కాబట్టి అంతర్జాలంలో వెతికేటప్పుడు ‘క్రొమతికీ దియస్పొరా’ అని వర్ణ విక్షేపణం పూర్తి పేరుతో వెతకండి. లేకపోతే ఆస్ట్రేలియాలోని గ్రీకు సంఘాల వార్తలు వరుసగా వస్తాయి.

ఇప్పుడు చరిత్ర గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీరు చదవబోయే పుస్తకాలలో ఒకే వాక్యంలో రెండు కాలాల గ్రీకు కలిసి ఉంటుంది. దాదాపు గత శతాబ్దం చివరి పాదం వరకు గ్రీసులో ప్రభుత్వ వ్యవహారాలకు, ఉన్నత విద్యకు ‘కథరెవుసా’ అనే గ్రాంథిక శైలి ఉండేది. ఇంట్లో, వీధిలో ‘దిమొతికీ’ అనే వ్యావహారికం నడిచేది. 1976లో విద్యారంగంలో వ్యావహారికం అధికారికమైంది, 1982లో పాత బహువిధ స్వర చిహ్నాలను తొలగించి ఒకే చిహ్నాన్ని నిలిపారు. గ్రాంథిక, వ్యావహారిక వివాదాన్ని స్వయంగా చూసిన జాతి మనది కనుక ఆ మార్పు ఎంత పెద్దదో మనకు విడమరచి చెప్పనక్కరలేదు. తంతువుల కథ చూస్తే, గాజులో నష్టాన్ని కిలోమీటరుకు 20 డెసిబెళ్లకు తగ్గించగలిగితే సమాచార ప్రసారానికి తంతువు పనికివస్తుందని చార్లెస్ కావ్, జార్జ్ హాక్‌హామ్ 1966లో ప్రకటించారు. 1970లో కోర్నింగ్ సంస్థకు చెందిన మౌరర్, కెక్, షుల్ట్స్ ఆ హద్దును దాటారు. ఆ తరువాతి దశాబ్దంలోనే ఇది వ్యాపార రంగానికి చేరింది. అంటే తంతువుల పరిభాష గ్రీకులో నిలదొక్కుకున్నది వ్యావహారికం గెలిచిన కాలంలో. కాంతిశాస్త్రపు పాత మాటలేమో గ్రాంథిక కాలం నుంచి నడిచి వచ్చాయి. అందువల్లనే వక్రీభవన గుణకాన్ని కొత్త పుస్తకంలో ‘దీక్తిస్ దియాథ్లసిస్’ అని, పాత పుస్తకంలో ‘దీక్తిస్ దియథ్లాసెఓస్’ అని చూస్తారు. విభక్తి రూపం మారింది తప్ప మాట మారలేదు. విభక్తులు వచ్చిన తెలుగువారికి ఇది భయపడవలసిన విషయం కాదు. అదే విధంగా ‘ఈనా’ షష్ఠీ బహువచనంలో ‘ఇనోన్’ అవుతుంది. ‘దీక్తియొ ఓప్టికోన్ ఇనోన్’ అంటే దృశా తంతువుల నెట్‌వర్కు. మూల రూపం మీదనే దృష్టి పెట్టి వెతికేవారు ఇలాంటి చోట మాటను గుర్తించలేక పోతారు.

సంస్థల సంగతి. గ్రీకు పరిభాషా సంఘం ఒకటి 1992లో ఏర్పడింది, దానిని పొట్టిగా ఎలెతో అంటారు. అంతకుముందు నుంచే టెలికమ్యూనికేషన్ల పదాల కోసం పనిచేస్తున్న ఒక స్థిర బృందం ఉన్నది, దాని పేరు మోతో. ఆ బృందం స్థిరపరిచిన పదాలు తెలెతెర్మ్ అనే పదనిధిలో లభిస్తాయి. పరిభాషా సంఘం 1997 నుంచి రెండేళ్లకొకసారి సదస్సు నిర్వహిస్తోంది. గ్రీసు 1981 నుంచి ఐరోపా కూటమిలో సభ్యదేశం కనుక కూటమి వారి బహుభాషా పదనిధి ఐయేట్‌లో కూడా గ్రీకు మాటలు దొరుకుతాయి. ఇంజనీర్లు, భాషావేత్తలు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒక్కో భావనకు ఒక్కో మాట ఎంచుకోవడమనే పనిని ఇంత నిలకడగా చేసిన తీరు చూసి నాకు అపారమైన గౌరవం కలిగింది. అయితే ఆచార్యులందరూ ఆ మాటలనే వాడతారని అనుకోకండి. ఈజియన్ తీరం గారు చెప్పిన పెరీవ్లిమా ఉదాహరణ అలాంటిదే.

జవాబు ఇచ్చినవారు: తీగల మనిషి

పై ఇద్దరూ పుస్తకాల భాష గురించి చక్కగా చెప్పారు. నేను గ్రీసులో తంతువులు వేసే, అతికే పనులను పర్యవేక్షించాను కనుక మూడవ ప్రశ్నకు జవాబిస్తాను.

పనిచేసే చోట ఓప్టికీ అనే విశేషణం ఎవరూ పలకరు, ఒట్టి ‘ఈనా’ అంటే చాలు. ఇంటికి కొత్త కనెక్షను పెట్టించుకున్న సామాన్యుడు కూడా మా ఇంటికి ఈనా వచ్చిందనే చెబుతాడు. ఇంటి వరకూ తంతువు వచ్చే ఏర్పాటును ‘ఓప్టికీ ఈనా మెఖ్రి తొ స్పీతి’ అని రాస్తారు, స్పీతి అంటే ఇల్లు. వీధి మూల పెట్టె వరకే తంతువు వచ్చి అక్కడి నుంచి రాగి తీగ మీద నడిచే కనెక్షన్లు కూడా ఉన్నాయి. కాబట్టి పత్రాలలో ‘మెఖ్రి’, అంటే ‘వరకు’, అనే మాట తరువాత ఏమున్నదో తప్పకుండా చదవాలి. ఆ వీధి పెట్టెను పాతకాలపు పనివారు ‘కఫావొ’ అంటారు. ఇది గ్రీకు మాట కాదు. జర్మన్ భాషలో తీగలను శాఖలుగా విడదీసే పెట్టె పేరులోని రెండు పొడి అక్షరాలను జర్మన్లు కా, ఫౌ అని పలుకుతారు, అదే గ్రీకు నోటిలో కఫావొ అయింది. కొత్తగా వచ్చిన పెద్ద పెట్టెలను ‘కబీనా’ అంటారు.

రెండు తంతువులను అతకడానికి గ్రంథాలలోని మాట ‘సింగోలిసి’. విద్యుత్ చాపంతో కొసలను కరిగించి అతికితే ‘సింగోలిసి మె తీక్సి’, అంటే కరిగించి అతకడం. పనివారు దానిని ‘కోలిసి’ అని తగ్గించి పలుకుతారు. ఇక్కడ జాగ్రత్త పడాలి, ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలలో సీసంతో టంకం వేయడాన్ని కూడా కోలిసి అనే అంటారు. తంతువుల అతుకు సరిగా పడితే నష్టం 0.1 డెసిబెల్‌కు లోపే ఉంటుంది. విడదీసి మళ్లీ పెట్టుకోగలిగే కొసను ‘వీస్మా’ అంటారు, అక్కడ నష్టం అంతకంటే ఎక్కువ. తంతువులోకి కాంతి స్పందనం పంపి, తిరిగి వచ్చిన కాంతి పట్టిన కాలాన్ని బట్టి అతుకు ఎక్కడున్నదో, తెగింది ఎక్కడో చెప్పే పరికరాన్ని రాతలో ‘అనక్లసీమెత్రొ’ అంటారు. పరావర్తనాన్ని కొలిచేది అని దాని అర్థం, పదకోశం గారు చెప్పిన అనాక్లసి ఇందులోనూ ఉన్నది. నోటితో మాత్రం మన దగ్గరలాగే ఓటీడీఆర్ అనే పలుకుతారు.

క్షీణతను ‘ఎక్సస్థెనిసి’ అంటారు, బలం తగ్గిపోవడం అని భావం. నష్టాల పట్టికలో ‘అపోలియెస్’ అని ఉంటుంది. 1550 నానోమీటర్ల వద్ద మంచి తంతువులో క్షీణత కిలోమీటరుకు సుమారు 0.2 డెసిబెల్, అంటే 50 కిలోమీటర్లకు పదో వంతు కాంతి మిగులుతుంది. 1966లో కావ్ కోరుకున్న 20 డెసిబెళ్లయితే ఒక్క కిలోమీటరుకే నూరో వంతు మిగిలేది. కొత్తగా వచ్చిన పిల్లలకు ఎక్సస్థెనిసి అనే మాటను ఈ రెండు అంకెలతో కలిపి చెబితే మరచిపోరు.

తీగల కట్టను, సముద్రపు తీగను ‘కలోదియొ’ అంటారు. ప్రాచీన గ్రీకులో ఓడ తాడుకు ఉన్న పేరు నుంచి, చిన్న తాడు అనే అర్థంలో వచ్చిన మాట ఇది. సముద్రపు తీగ ‘ఇపొవ్రీఖియొ కలోదియొ’. మీరు గ్రీసు నుంచి ఇంటికి మాట్లాడేటప్పుడు దీనితోనే పని పడవచ్చు. 2017లో సేవలు మొదలుపెట్టిన ఆసియా, ఆఫ్రికా, ఐరోపా తీగ ముంబయిలోనూ ఒడ్డెక్కుతుంది, క్రీటు ద్వీపంలోని ఖనియాలోనూ ఒడ్డెక్కుతుంది. దాని మొత్తం పొడవు సుమారు 25,000 కిలోమీటర్లు. అంతకుముందు తరానికి చెందిన సీ మీ వీ 3 తీగ కూడా ముంబయి, కొచ్చిలతో పాటు ఖనియాను తాకేది. గాజులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక ప్రతి వెయ్యి కిలోమీటర్లకూ 5 మిల్లీసెకన్లు పడుతుంది. మధ్యలో కాంతికి బలం పోసే ఎర్బియం వర్ధకాలను ‘ఎనిస్ఖితీస్’ అనే మాటతో సూచిస్తారు.

ప్రశ్న అడిగినవారు: కాంతిమార్గం

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఉపసర్గల వివరణ చదివిన తరువాత ప్రయోగ పుస్తకం మొదటి అధ్యాయం మళ్లీ తెరిచాను, ఇంతకుముందు గోడలా కనిపించిన పేరాలు ఇప్పుడు దారి ఇస్తున్నాయి. అయితే రెండు చోట్ల ఆగిపోయాను. మొదటిది ‘రిథ్మోస్’. ఒక పేజీలో దీనిని సమాచారం పంపే వేగం అనే అర్థంలో వాడారు, రెండు పేజీల తరువాత తరంగవాహిక సందర్భంలో ఏదో క్షేత్ర విన్యాసం అన్నట్లు వాడారు. రెండవది ‘అక్తీనా’. కిరణం అని నేర్చుకున్నాను, కానీ తంతువును వంచే భాగంలో ఈ మాటకు 7.5 మిల్లీమీటర్లు అని విలువ ఇచ్చారు. కిరణానికి మిల్లీమీటర్లు ఏమిటో బోధపడలేదు.

జవాబు ఇచ్చినవారు: ఈజియన్ తీరం

మీరు ఆగిన రెండు చోట్లూ సరైన చోట్లే, గ్రీకు విద్యార్థులు కూడా వీటి దగ్గర ప్రశ్నలు అడుగుతారు.

ముందు తేలికైనది. అక్తీనా అంటే కిరణమూ అవుతుంది, వృత్తపు వ్యాసార్థమూ అవుతుంది. చక్రం నడుమ నుంచి అంచుకు పోయే ఆకులను తలచుకుంటే రెండు అర్థాలూ ఎలా కలిశాయో తెలుస్తుంది. మీరు చూసినది ‘అక్తీనా కాంప్సిస్’ అయి ఉంటుంది, అంటే వంపు వ్యాసార్థం. ఇళ్లలోపల మూలల వెంట వేయడానికి తయారుచేసిన తంతువులలో ఒక రకానికి అంతర్జాతీయ ప్రమాణం 7.5 మిల్లీమీటర్ల వంపు వరకు పరీక్ష నిర్దేశిస్తుంది. ఆ అంకె అక్కడి నుంచే వచ్చింది. తంతువు ఎక్కువగా వంగితే సరిహద్దు మీద పతన కోణం తగ్గి, కొంత కాంతి మన్దీయాస్‌లోకి జారిపోతుంది. అక్తీనా పక్కన పొడవు కొలత ఉంటే వ్యాసార్థం, కోణం ఉంటే కిరణం.

ఇక రిథ్మోస్. లయ అనే మూలార్థం గల ఈ మాటను గ్రీకు ఇంజనీర్లు రెండు పనులకు వాడుకున్నారు. ‘రిథ్మోస్ మెతాదొసిస్’ అంటే సమాచార ప్రసార వేగం. తరంగవాహికను ‘కిమతొదిగోస్’ అంటారు, దానిలో నిలిచే క్షేత్ర విన్యాసాలను, అంటే మనం మోడ్‌లని పిలిచేవాటిని, పాత సూక్ష్మతరంగ పాఠ్యపుస్తకాల నుంచి రిథ్మోస్ అనే పిలుస్తూ వచ్చారు. తంతువుల విషయానికి వచ్చేసరికి మోడ్‌కు ‘త్రోపోస్’, అంటే తీరు, అనే మాట బాగా స్థిరపడింది. సింగిల్ మోడ్ తంతువు ‘మొనోత్రొపి ఈనా’, మల్టీ మోడ్ తంతువు ‘పొలీత్రొపి ఈనా’. ఒకే అధ్యాయంలో తరంగవాహికల సిద్ధాంతం, తంతువుల వివరణ రెండూ ఉంటే, మొదటి భాగంలో రిథ్మోస్‌గా ఉన్నదే రెండవ భాగంలో త్రోపోస్ అవుతుంది. రచయిత మాట మార్చాడే కానీ విషయం మార్చలేదు.

మీ పరిశోధనాంశానికి దీనితో నేరుగా సంబంధం ఉన్నది. పొలీత్రొపి ఈనాలో వేర్వేరు మోడ్‌లు వేర్వేరు సమయాలలో చేరడం వల్ల స్పందనం వెడల్పవుతుంది, దానిని ‘దియస్పొరా త్రోపోన్’ అంటారు. మొనోత్రొపి ఈనాలో అది లేదు కనుక మిగిలేది ప్రధానంగా క్రొమతికీ దియస్పొరా. ప్రామాణిక తంతువులో ఇది 1310 నానోమీటర్ల దగ్గర దాదాపు సున్నా, 1550 దగ్గర నానోమీటరుకు, కిలోమీటరుకు సుమారు 17 పికోసెకన్లు. స్పందనం వెడల్పవడాన్ని ‘దియేవ్రిన్సి పల్మూ’ అంటారు. మీరు మొదటి వారంలోనే వినబోయే మాట ఇది, బాగా పలకడం నేర్చుకుని వెళ్లండి.

జవాబు ఇచ్చినవారు: పదకోశం

వ్యతికరణం గురించి ఒక్క మాట చేరుస్తాను, ఎందుకంటే తరువాతి అధ్యాయంలో అది తప్పక వస్తుంది. రెండు కాంతి తరంగాలు కలిసి పట్టీలు ఏర్పడే వ్యతికరణాన్ని ‘సింవొలీ’ అంటారు. ఒక రేడియో సంకేతంలోకి మరొకటి చొరబడి చెరచడాన్ని ‘పరెమ్వొలీ’ అంటారు. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట కావడం వల్ల, ఇంగ్లీషు పత్రాల నుంచి అనువాదమైన కొన్ని గ్రీకు పుస్తకాలలో ఇవి ఒకదాని చోట మరొకటి వచ్చాయి. సిన్ అంటే కలిసి, పరా అంటే పక్కన, ఎన్ అంటే లోపల. అద్దాలతో, కాంతి పుంజాలతో చేసే ప్రయోగమైతే సింవొలీ అని చదువుకోండి, పుస్తకంలో ఏది అచ్చయినా సరే.